బొట్టు పెట్టిన ఖాళీ తూటా

శనివారం పొద్దున్నే క్యాంపు నుంచి రావాల్సిన మా అబ్బాయి ఎండంతా నెత్తిన పెట్టుకుని మధ్యాహ్నానికి వచ్చాడు. మేముంటున్న ఈ పరాయి దేశంలో మగపిల్లలంతా కొన్నాళ్ళు సైన్యంలో పని చెయ్యాలి, వాడి వంతు ఇప్పుడు నడుస్తోంది. ఇంతసేపు ఏం చేశార్రా అంటే బూట్లు విప్పుకుంటూ, "వన్ ఎంప్టీ మిస్సింగ్ లా, అమ్మా. హోల్ కంపెనీ గడ్డిలో వెతికాం" అన్నాడు. కాల్చేసిన తూటా తాలూకు ఖాళీ ఇత్తడి గొట్టం ఒకటి లెక్కకి రాలేదట. అది దొరికేదాకా ఒక్కణ్ణీ కదలనివ్వలేదట. చివరికి ఎవడి చొక్కా మడతలోనో దొరికిందట. వాడికది నవ్వులాటగా ఉంది. నేను మాత్రం పప్పుగరిటె చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఏమైందమ్మా, ఎందుకలా ఉన్నావని అడిగాడు. ఏం లేదురా, ముందు అన్నం తిను అన్నాను.

ఏం చెప్పను వాడికి? అలాంటి ఖాళీ గొట్టం ఒకదాని వల్ల సిగ్గుతో సగం చచ్చిపోయిన పెద్దమనిషిని నేను ఎరుగుదును. మిగతా సగం చాలా ఏళ్ళ తర్వాత, ఈమధ్యే, అనంతపురంలో నిద్రలో పోయింది. ఆ కబురు తెలిసినప్పుడు కూడా నేను ఇంత కదలలేదు. మనిషి పోయాడంటే ఏడుస్తాం, ఊరుకుంటాం. ఆయన సిగ్గు గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ నాకు తల ఎత్తాలనిపించదు.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ నిలబడిపోతాయని లోకం హడలిపోతున్న రోజులవి. కోడు రాయడం వచ్చినవాళ్ళనీ రానివాళ్ళనీ కూడా విమానాలెక్కించి తెచ్చి, ఇక్కడి బ్యాంకుల పేట రాఫెల్స్ ప్లేస్‌లో దించుతున్నారు. నేను తెనాలి నుంచి అలా దిగినదాన్నే. నేను చెప్పిన పెద్దమనిషి, అంకుల్, మా బ్యాంకులోనే, పాతకాలపు పెద్ద కంప్యూటర్ల మీద పనిచేసే సీనియర్. అప్పటికే చాలా ఏళ్ళుగా ఇక్కడున్నారు. వుడ్‌ల్యాండ్స్‌లో వాళ్ళ ఫ్లాట్‌లో ఒక గది నాకు అద్దెకిచ్చారు. ఆయన, ఆంటీ, నేను. వాళ్ళకి పిల్లల్లేరు. ఆంటీ గొంతు విప్పితే కింద బస్టాపులో వినపడేది. అంకుల్ గొంతు పక్కగదిలోకి కూడా వచ్చేది కాదు.

ఆయన సిగ్గంతా చెవుల్లో ఉండేది. ఎవరైనా మెచ్చుకుంటే చెవులు ఎర్రబడేవి. ఎవరైనా తిట్టినా అంతే. చవక తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌లో టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి సీటు 'చోప్' చేసుకోవడం, అంటే ఆపుకోవడం, ఇక్కడ పసిపిల్లలకి కూడా అలవాటే. అంకుల్ మాత్రం టిష్యూ పెట్టడం తప్పేమోనని పళ్ళెం పట్టుకుని నిలబడి తినేవారు. లిఫ్టులో తనకంటే ముందు ఎవరో నొక్కిన బటన్ కూడా మళ్ళీ నొక్కేవారు కాదు, వాళ్ళేమైనా అనుకుంటారని. ఇంత మొహమాటస్తుడు మా ఆఫీసు గొడవల్లో ఎలా నెగ్గుకొచ్చారో ఆ దేవుడికే తెలియాలి.

ఆదివారం పొద్దున్నే భుజాన బ్యాడ్మింటన్ సంచి వేసుకుని వెళ్ళిపోయేవారు. అంకుల్ బ్యాడ్మింటన్ బాగా ఆడతారట అని మనవాళ్ళందరికీ తెలుసు. ఓ ఉగాదికి మన తెలుగువాళ్ళంతా చేరి పోటీలు పెట్టి, వద్దు మొర్రో అంటున్నా ఆయన్ని కోర్టులోకి లాగారు. సర్వీసు నెట్టు దాటితే ఒట్టు. ఎదురుగా ఉన్నది ఎనిమిదో క్లాసు పిల్ల, పాపం అది కూడా జాలిపడి మెల్లగా కొట్టడం మొదలుపెట్టింది. జనం పొట్టలు పట్టుకు నవ్వారు. నేనూ నవ్వాను. ఇన్నాళ్ళు ఆదివారం ఆదివారం ఈయన వెలగబెడుతున్నది ఇదా అని.

ఆ సాయంత్రం ఆంటీ కూడా నవ్వి నవ్వి, ఇంక ఆగలేక నాకు గుట్టు విప్పేసింది. ఆ సంచిలో బ్యాటే లేదు. మందపాటి తోలు గ్లోవు, చెవులు మూసుకునే డిప్పలు, ఒక ఫ్లాస్కు ఉన్నాయి. అంకుల్ వెళ్ళేది తుపాకులు కాల్చే క్లబ్బుకి. రైఫిల్‌తో దూరాన కాగితం మీది నల్లచుక్కని కొట్టడం ఆయన ఆట. తుపాకి క్లబ్బు ఆయుధాల గదిలోనే ఉంటుంది, ఇంటికి తెచ్చుకోవడానికి ఇక్కడి చట్టం ఒప్పుకోదు.

ఇందులో దాచాల్సిందేముంది అంకుల్ అని అడిగితే చెవులు మంకెనపువ్వులై, "మాది అనంతపురం పాపా" అన్నారు. అదేం సమాధానం అనుకున్నాను గానీ నాకూ తెలుసు. ఏ విందుకెళ్ళినా ఎవరో ఒకరు, మీ సీమోళ్ళు పప్పులో కూడా బాంబులేస్తారటగా అంకుల్ అనేవారు. కారు కొన్నప్పుడు డిక్కీ తెరిచి చూపించమన్నవాళ్ళున్నారు. ఆయన నవ్వేసేవారు. ఇంట్లోకొచ్చాక, సీమోని చేతిలో తుపాకి చూస్తే మనవాళ్ళు ఏమనుకుంటారు చెప్పు, కాగితం మీద కాలుస్తున్నానంటే నమ్ముతారా అనేవారు.

ఒకసారి నన్ను క్లబ్బుకి తీసుకెళ్ళారు. అడిగి అడిగి ప్రాణం తీసి వెళ్ళాననుకోండి. ఆ రోజు క్లబ్బువాళ్ళు పాత తూటాలు కొనాలని చూస్తున్నారు. ఏదో దేశపు సైన్యం వాడగా మిగిలిపోయి, పెట్టెల్లో ఏళ్ళ తరబడి పడి ఉన్న సరుకు. కొత్తవాటికంటే చవక. మంచిదైతే గురి కుదురుతుంది, పైగా కాల్చేశాక ఆ ఇత్తడి గొట్టంలో మళ్ళీ మందు నింపి, కొత్త గుండు బిగించి వాడుకోవచ్చు. ఆ పనికి క్లబ్బులోనే లైసెన్సున్న చిన్న గది ఉంది. చెడ్డదైతే తుపాకీకే చేటు. కాబట్టి సరుకు ఎంచే పని అంకుల్‌ది. సెక్రటరీ, ఓ చైనీస్ పెద్దాయన, రెండు పెట్టెల నమూనాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఏళ్ళ తరబడి తుపాకుల మధ్య ఉండి ఆయనకి చెవులు మందగించాయి, ఎవరితో మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది.

ఒక పెట్టెలోవి బంగారంలా మెరిసిపోతున్నాయి. రెండోదాంట్లోవి అటకమీది చెంబుల్లా నల్లబడి ఉన్నాయి. నేనైతే కళ్ళు మూసుకుని మొదటిదానికే ఓటేసేదాన్ని. అంకుల్ జేబులోంచి ఇంట్లో ఫ్రిజ్ మీద ఉండే డురియన్ పండు అయస్కాంతం తీశారు. అది నెల రోజులుగా కనపడ్డం లేదని ఆంటీ నన్ను అనుమానిస్తోంది. మెరిసే తూటాకి తగిలించగానే అది టక్కున అతుక్కుంది. గుండు పైన రాగిపూత, లోపల ఇనుము. ఆ ఇనుము వెళ్ళి కాగితం వెనకున్న ఉక్కు పలకల్ని తినేస్తుంది, ఇక్కడ పనికిరాదు అని ఆ పెట్టె పక్కకి జరిపేశారు. నల్లవాటికి అయస్కాంతం అంటుకోలేదు. అప్పుడు ఒక్కొక్కటీ తీసి, అడుగున చెక్కిన అక్షరాలు చదివి, ఏ ఊళ్ళో ఏ ఏడు పుట్టిందో చూసి, చెవి దగ్గర ఆడించి, పెట్టె మూల ముక్కు పెట్టి తడి వాసన ఉందేమోనని పీల్చారు. ఆంటీ టెక్కా మార్కెట్లో వంకాయలు ఏరేటప్పుడు చూశాను ఆ శ్రద్ధ. మొగుడూ పెళ్ళాం ఒక్కలాంటివాళ్ళే అనుకున్నాను.

"పాతదైతే ఏమి పాపా, తడి తగలకుంటే సరి" అన్నారు. ఈ మాట ఆయన ఊరగాయ గురించీ అనేవారు, మా బ్యాంకులోని ముసలి ప్రోగ్రాముల గురించీ అనేవారు.

తర్వాత ఒకదాన్ని కాల్చి, ఖాళీ గొట్టం మూతిలోంచి టార్చి వేసి నన్ను చూడమన్నారు. అడుగున ఒకటే కన్నం. ఒక కన్నముంటే లోపలికి సన్న కడ్డీ దూర్చి, మందుకి నిప్పంటించి కాలిపోయిన అడుగు బిళ్ళని పొడిచి తీసేసి, కొత్తది పెట్టచ్చట. రెండుంటే ఆ కడ్డీ దూరదు, పాత ఇత్తడి కింద అమ్ముకోవాల్సిందే. ఇంకో సంగతి, ఒక పెట్టెలోవి ఇంకో పెట్టెలోవాటితో కలపనిచ్చేవారు కాదు. ఒక లాటుదంతా ఒక తల్లి బిడ్డలు, కలిపితే కొట్లాడుకుంటాయి అనేవారు. పెళ్ళిచూపుల్లో కూడా ఇంత చూడరేమో అంకుల్ అన్నాను. పెండ్లయితే సర్దుకుపోవచ్చు పాపా, ఇది సర్దుకోదు అన్నారు, గొంతు పైకెత్తి. ఆయన గొంతు అంత స్పష్టంగా వినడం నాకదే మొదలు. ఆ బల్ల దగ్గర ఆయన ఎవరికీ మొహమాటపడలేదు. కాల్చడం అయ్యాక ఫ్లాస్కు మూత తీస్తే టీ అనుకుని కప్పు పట్టాను. వేడినీళ్ళు. పాత తూటాల బిళ్ళల్లో ఉప్పులాంటిది ఉంటుందట, ఆ రోజే వేడినీళ్ళతో తుపాకి గొట్టం కడక్కపోతే తుప్పు పట్టేస్తుందట. ఆ నీళ్ళు పోస్తూ ఆయన మొహంలో ఉన్న తృప్తి నేను ఆఫీసులో ఎప్పుడూ చూడలేదు.

అయితే ఆ రోజే ఇంకోటి కూడా చూశాను. ఇంట్లో పూజ చేసి పెట్టుకున్న బొట్టు, క్లబ్బు గేటు ఇంకా కనపడకముందే బస్సులో రుమాలుతో తుడిచేసుకున్నారు. మధ్యాహ్నం అందరూ చికెన్ రైస్ తెప్పించుకుంటే, కడుపులో బాగాలేదని చెప్పి అరటిపండు తిన్నారు. మాంసం ముట్టనని చెప్పడానికి సిగ్గు. ఏళ్ళ తరబడి అదే మాట చెప్పడంతో, ఆయనకి కడుపులో పుండుందని క్లబ్బంతా నమ్మింది. సెక్రటరీ పాపం ఏదో చైనా మందు సీసా తెచ్చి ఇచ్చాడు. అంకుల్ థాంక్యూ చెప్పి పుచ్చుకున్నారు. అలాంటి సీసాలు ఇంట్లో అలమారా నిండా ఉన్నాయి.

తుపాకి సంగతి మనవాళ్ళ దగ్గర దాచేవారు. మన సంగతులు తుపాకివాళ్ళ దగ్గర దాచేవారు. నేను ఆయన్ని వెక్కిరించాలనుకున్నాను గానీ నోరు రాలేదు. నేను మాత్రం తక్కువ తిన్నానా? రాఫెల్స్ ప్లేస్ స్టేషను రాగానే నా బొట్టు బిళ్ళ పర్సులోకి పోయేది. టిఫిన్ డబ్బాలో గోంగూర ఉంటే ప్యాంట్రీలో మూత తీసేదాన్ని కాదు.

ఆంటీకి ఈ రెండు బాధలూ లేవు. ఆవిడ బాధల్లా దసరాకే. సీమలో వాళ్ళింట్లో ఆయుధపూజ ఘనంగా చేసేవాళ్ళట, కొడవలికీ పలుగుకీ కుట్టుమిషనుకీ పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి. ఇక్కడ మా ఫ్లాట్‌లో నా ల్యాప్‌టాప్, ఆవిడ మిక్సీ వరుసగా కూర్చునేవి. అంకుల్ తెచ్చి పెట్టేది తోలు గ్లోవు. అసలు ఆయుధం లాకప్పులో కూర్చుంటే గ్లోవుకి బొట్టు పెడతాడంట, ఎద్దుని ఇడిసిపెట్టి ముల్లుగర్రకి పూజ చేసినట్లుండాది అని ఏటా తిట్టేది. క్లబ్బువాళ్ళని అడగరాదా, ఒకపూట తీసి చూపించరా అనేది. అడుగుతాలే అనేవారు ఆయన. అడిగేవారు కాదు.

ఓ ఏడాది దసరాకి ముందు ఆదివారం క్లబ్బువాళ్ళు కుటుంబాలని పిలిచారు. అంకుల్ తప్పించుకోవాలని చూశారు గానీ సెక్రటరీ ఫోన్లోనే ఆంటీని ఆహ్వానించేసరికి కుదరలేదు. నాకు ఆ రోజు ఆఫీసులో టెస్టింగ్ ఉండి వెళ్ళలేదు. వెళ్ళినవాళ్ళు వెనక బెంచీల మీద కూర్చుని చూడాలి, ముందున్న గీత దాటకూడదు. ఆంటీ గీతల్ని ఎప్పుడు లెక్కపెట్టింది గనక? కాల్చడం ఆగగానే మజ్జిగ సీసా పట్టుకుని నేరుగా ఆయన పడుకుని కాల్చే చాప దగ్గరికి వెళ్ళింది. ఆయన కంగారుపడి ఆ సీసా సంచిలో దాచేసే హడావిడిలో ఉండగా, చాప అంచున పడి ఉన్న ఖాళీ ఇత్తడి గొట్టం ఒకటి ఆవిడ కంటబడింది. పైటకొంగున ముడేసుకుని వచ్చి బెంచీ మీద కూర్చుంది. కాసేపటికి కుటుంబాలవాళ్ళందర్నీ బస్సెక్కించి పంపేశారు.

తర్వాత లెక్క చూస్తే అంకుల్‌ది ఒకటి తక్కువొచ్చింది. అక్కడ ఎన్ని కాలిస్తే అన్ని ఖాళీలు తిరిగి అప్పజెప్పాలి. కాల్చినవాళ్ళు వెళ్ళేముందు జేబులు తిరగేసి, నా దగ్గరేమీ లేదని నోటితో చెప్పాలి. ఇంటికి పోతే నేరం, పోలీసుల దాకా వెళ్తుంది. చీకటిపడేదాకా మోకాళ్ళ మీద గడ్డి దువ్వారట అందరూ. ఎప్పుడూ ఒక్కటి తేడా రాని మనిషికి తేడా వచ్చింది. సోమవారం రైల్లో నాకిది చెబుతూ ఆయన కిటికీ వైపే చూశారు. ఇన్నేళ్ళలో నావల్ల ఒకరు మోకాళ్ళ మీద పాకడం ఇదే మొదలు పాపా అన్నారు. ఆంటీతో అనకు అన్నారు. ఆవిడ కొంగులో ఏముందో మా ఇద్దరికీ తెలియదు.

దసరా సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి స్నానాలు చేసి కూర్చున్నాం. ఆంటీ మొహం వెలిగిపోతోంది. పీట మీద నా ల్యాప్‌టాప్, మిక్సీ, గ్లోవు, వాటి ముందు తమలపాకు. తమలపాకు మీద నిలబెట్టి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, రెండు అక్షింతలు అతికించిన ఇత్తడి గొట్టం.

"నీ తుపాకి రాకుంటే ఏమి, దాని బిడ్డ వచ్చింది సూడు" అంది ఆంటీ.

నేను అంకుల్ వంక చూశాను. ఆయన నా వంక చూడలేదు. ఆ గొట్టాన్నే చూస్తూ, మంచి పని చేసినావు అని ఆంటీతో అన్నారు. కొబ్బరికాయ కొట్టారు. హారతి ఇచ్చారు. ఆంటీ పాట అందుకుంది.

ఆవిడ వంటింట్లోకి వెళ్ళగానే ఆయన వెనకే బాల్కనీలోకి వెళ్ళాను. వంటింటి చెత్తగొట్టంలో పడేస్తే కిందికి పోతుంది, పీడా వదులుతుంది, ఎవరడుగుతారు అంకుల్ అన్నాను. నాకు వచ్చిన తెలివి అదే. ఆయన కోప్పడలేదు. పూజ చేసిందాన్ని చెత్తలో ఏస్తామా అన్నారు. పోనీ బొట్టు కడిగేసి, గడ్డిలో దొరికిందని ఇచ్చెయ్యండి అన్నాను. దానికీ తల అడ్డంగా ఊపారు. ఆవిడికి తెలిస్తే జన్మలో ఇంక పూజ చెయ్యదు పాపా అన్నారు. మళ్ళీ ఆయనే, "ఒక్కణ్ణే పోలేను. రేపు నాతో వస్తావా, ఊరికే పక్కన కూర్చో సాలు" అన్నారు.

అంత పెద్దమనిషి నన్ను అలా అడిగినందుకు నాకే తలకొట్టేసినట్టయింది. వస్తానన్నాను.

మర్నాడు ఆఫీసు కాగానే వెళ్ళాం. బల్ల అవతల సెక్రటరీ, ఇంకో ఇద్దరు కమిటీవాళ్ళు. అంకుల్ రుమాలు మడత విప్పి గొట్టాన్ని వాళ్ళ ముందు పెట్టారు. పసుపు కొంచెం రుమాలుకి అంటింది గానీ బొట్టు అలాగే ఉంది. ఒక అక్షింత ఊడి బల్ల మీద పడితే, ఆయన దాన్ని వేలితో తీసి జేబులో వేసుకున్నారు. సెక్రటరీ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశాడు. ఆయనకి అంకుల్ అంటే ఇష్టం. కాల్చేటప్పుడు వేసుకునే కోటు మడతలో ఇరుక్కుని ఉంటుంది కదా, అలా అందరికీ జరుగుతుంది, అదే రాసుకుంటాం అని ఆయనే దారి చూపించాడు. ఈ ఎర్రది ఏమిటి, పెయింటా అని అడిగాడు.

అంకుల్ ఆ దారి తొక్కలేదు. "కోటులో ఇరుక్కోలేదు సార్. నేనే తీసుకున్నా. మా పండక్కి" అన్నారు.

ఈ మనిషి చెవులు అన్నిటికీ ఎర్రబడతాయి కదా, ఆ అబద్ధం చెప్పేటప్పుడు మాత్రం మామూలుగా ఉన్నాయి. నేను పక్కన కూర్చుని నా గోళ్ళు చూసుకున్నాను. తర్వాత అంతా చెప్పుకొచ్చారు. ఏడాదికొకసారి మేం పనిముట్లకి పూజ చేస్తామని, తుపాకి ఇంటికి రాదు గనక దీన్ని పట్టుకుపోయామని. 'పోయాము' అని మళ్ళీ 'పోయాను' అని దిద్దుకున్నారు. మొదలుపెట్టాక ఆగలేకపోయారు పాపం. నాకు కడుపులో పుండు కూడా లేదు సార్, నేను మాంసం తినను, అంతే అనేశారు.

కమిటీవాళ్ళలో ఒకాయన వచ్చిన నవ్వుని దగ్గుగా మార్చుకున్నాడు. సెక్రటరీ నవ్వలేదు.

"యూ నెవర్ ఆస్క్" అన్నాడు, మామూలుగా అరిచే గొంతు బాగా తగ్గించి. "ఏటా మా చైనా ఏడో నెలలో, పోయినవాళ్ళ కోసం, మేం గేటు దగ్గర అగరొత్తులు వెలిగిస్తాం, నువ్వు చూస్తూనే ఉన్నావు. మలయ్ వాళ్ళ నమాజుకి వెనక గది ఇచ్చాం. నువ్వు ఒక్క మాట అడిగుంటే, నీ తుపాకి తీసి ఈ బల్ల మీదే పెట్టేవాళ్ళం కదా."

అప్పుడు ఎర్రబడ్డాయి ఆయన చెవులు. చెవులేమిటి, మెడ, మొహం, చేతులు కూడా. పట్టుబడ్డ దొంగ కూడా అంత సిగ్గుపడడు. పర్సులో నా బొట్టు బిళ్ళ ఉంది. ఏ తెల్లదొర వచ్చి తీసేయమన్నాడని తీశాను? ఆఫీసులో ఎవరైనా ఏమైనా అన్నారా? ఎవరూ ఏమీ అనలేదు. అనుకుంటారేమోనని మనమే ముందు అనేసుకుని, మనమే సిగ్గుపడి, మనమే దాచేశాం.

రూలు ప్రకారం క్లబ్బువాళ్ళు పోలీసులకి చెప్పారు. వాళ్ళు ఒకసారి పిలిచి, ప్రశ్నలడిగి, హెచ్చరించి వదిలేశారు. క్లబ్బు కొన్నాళ్ళు రావద్దంది, తర్వాత మామూలుగా రావచ్చంది. వాళ్ళు వెయ్యగలిగిన శిక్ష అంతే. దాని గడువు అయిపోయింది కూడా. ఆయన వెళ్ళలేదు. కళ్ళు ఆనడం లేదు, ఇంక చాలు అని ఆంటీతో చెప్పారు. ఆవిడ నమ్మి, దసరాకి పూజ చేసినా ఆయుధం కరుణించలేదే అని నొచ్చుకుని, క్యారెట్లు తెగ వండిపెట్టింది. ఆదివారాలు సంచి తలుపు వెనక వేలాడేది. సెక్రటరీ రెండుమూడుసార్లు ఫోను చేశాడు. కొత్త సరుకు వచ్చింది, ఎంచడానికి మనిషి లేడు అన్నాడట. చూస్తాను సార్ అనేవారు అంకుల్. పోనీ నేను వస్తాను, పదండి అన్నాను ఒకసారి. ఏ మొహం పెట్టుకుని పోవాల పాపా అన్నారు. వాళ్ళు మీ మొహం చూడ్డానికే పిలుస్తున్నారు కదా అన్నాను. చెవులు ఎర్రబడ్డాయి గానీ మనిషి కదల్లేదు.

మళ్ళీ దసరా వచ్చింది. ఆంటీ పీట వేసి అన్నీ సర్దింది. అంకుల్ పంచె కట్టుకుని, నుదుట బొట్టు పెట్టుకుని కూర్చున్నారు. గ్లోవు తెమ్మంటే ఎక్కడో పెట్టి మర్చిపోయానన్నారు. హారతి వెలిగించబోతుంటే హాల్లో ఫోను మోగింది. నేను తీశాను. సెక్రటరీ. నా గొంతు గుర్తుపట్టి, ఈ రోజేనట కదా మీ పండగ, ఎవర్నో ఇండియన్‌ని అడిగి తెలుసుకున్నాను అన్నాడు. ఆయుధాల గది తెరిపించి ఉంచాను, ఆయన్నీ ఆవిణ్ణీ తీసుకురా, ఆ ఎర్రపొడి కూడా తెచ్చుకోమను అన్నాడు. అంకుల్‌ని చేత్తో పిలిచి ఫోను చేతికిచ్చి, రమ్మంటున్నారు అంకుల్, మీ తుపాకీకి పూజ చేసుకోమంటున్నారు అన్నాను.

ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకున్నారు. అవతల సెక్రటరీ గొంతు నాకూ వినపడుతోంది. హలో హలో అంటున్నాడు. అంకుల్ ఒకసారి పీట వైపు చూశారు. వెళ్తారనే అనుకున్నాను. చెప్పులు కూడా వెతికాను నేను.

ఆయన గొంతు సవరించుకుని, "ఆయన ఇంట్లో లేరండీ. ఇండియా వెళ్ళారు" అన్నారు ఇంగ్లీషులో.

తన గొంతుతోనే అన్నారు. ఏళ్ళ తరబడి ఆ పెద్దాయన పక్కన పడుకుని కాల్చిన మనిషి, ఆ గొంతు ఆయనకి తెలియదా? లోపల ఆంటీ గంట వాయిస్తోంది. ఏమయ్యా, హారతి కళ్ళకద్దుకుందువు రా అని పిలుస్తోంది.

అవతల సెక్రటరీ, తొందరేమీ లేనట్టు, "సరే. ఆయన ఇండియా నుంచి వచ్చాక చెప్పండి, తుపాకి తుడిచి పెట్టామని" అన్నాడు.

"చెప్తాను సార్" అన్నారు అంకుల్.